రోబో పెడితే మన సరుకు ఆగకుండా వెళ్తుందా? విశాఖ చిన్న పరిశ్రమల వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

గాజువాక ఆటోనగర్, దువ్వాడ, పరవాడ, అచ్యుతాపురం షెడ్లలో రోబో సెల్స్ (రోబో చేయి, దాని బల్ల, కంచె, కరెంటు పెట్టె కలిసిన పనిచోటు) పెట్టడం, చెడిపోతే బాగుచేయడం నా పని. ఎక్కడికి వెళ్ళినా టీ తాగేలోపు అవే సందేహాలు, రాత్రి ఫోన్లలోనూ అవే. అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. ఏ ప్రశ్న కావాలంటే దాని దగ్గరికి నేరుగా వెళ్ళండి, వరసగా చదవాల్సిన పనిలేదు. నా అభిప్రాయం మాత్రం ముందే చెప్పేస్తాను. రోబో కొన్నంత మాత్రాన కష్టకాలంలో నిలబడే బలం రాదు. దాని ప్రోగ్రాం మార్చి, స్పేర్ వేసి, మళ్ళీ నడిపించడం మీ షెడ్డులో కనీసం ఇద్దరికి వచ్చినప్పుడు ఆ బలం వస్తుంది.

## ఇంకా ఆలోచిస్తున్న దశలో

రోబో అంటే పని తొందరగా అవ్వడానికే కదా? సప్లై చైన్‌కి దానితో ఏం సంబంధం?

మీ దగ్గరికి ఇనుప ప్లేటు, వెల్డింగ్ వైరు, గ్యాస్ రావాలి. మీ దగ్గర పని జరగాలి. తయారైన సరుకు షిప్‌యార్డుకో, స్టీల్ ప్లాంటుకో, బీహెచ్ఈఎల్‌కో చెప్పిన తేదీకి చేరాలి. ఇందులో ఏది తెగినా బిల్లు ఆగుతుంది. రోబో కాపాడగలిగేది మధ్య భాగాన్ని. సంక్రాంతికి వెల్డర్లు శ్రీకాకుళం, విజయనగరం ఊళ్ళకు వెళ్ళి పది రోజులకు గానీ తిరిగి రాకపోయినా, రాత్రి షిఫ్టుకు మనిషి దొరక్కపోయినా, ఒకేసారి రెండింతల ఆర్డర్ వచ్చి పడినా అక్కడ రోబో ఆదుకుంటుంది. ప్లేటే రాకపోతే అది చేయగలిగింది ఏమీ లేదు. ఇంకో మేలు ఉంది, దాన్ని చాలామంది లెక్కలో వేసుకోరు. జాయింట్లన్నీ ఒకేలా వస్తే రిజెక్షన్ తగ్గుతుంది, మెటీరియల్ దొరకని రోజుల్లో అదే పీసు రెండోసారి చేయడానికి ప్లేటు వెతుక్కోవాల్సిన అవసరం తప్పుతుంది.

మా దగ్గర సీఎన్‌సీ ఉంది, అది కూడా రోబోనేనా?

కాదు. మూడు లేదా అంతకంటే ఎక్కువ యాక్సిస్‌లలో (కదలిక దిశల్లో) కదులుతూ, మళ్ళీ మళ్ళీ ప్రోగ్రాం చేసుకుని, రకరకాల పనులకు వాడుకోగలిగే చేతినే ఇండస్ట్రియల్ రోబో అంటారు. సీఎన్‌సీ కంప్యూటర్ ప్రోగ్రాం ప్రకారం లోహాన్ని కోసే మెషీన్, తనకు కేటాయించిన ఆ పనే చేస్తుంది. రోబో చేతికి టార్చ్ కడితే వెల్డింగ్ చేస్తుంది, గ్రిప్పర్ (పీసును పట్టుకునే పంజా) కడితే సీఎన్‌సీలో పీసులు పెట్టి తీస్తుంది. 1961లో అమెరికాలోని న్యూజెర్సీలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీలో మొదటి రోబో, దాని పేరు యూనిమేట్, వేడి డై కాస్టింగులను బయటికి తీసే పనిలో చేరింది. పని మార్చుకోగలగడమే అప్పటి నుంచి ఇప్పటివరకు దీని అసలు విలువ. ఆ గుణాన్ని వాడుకోకుండా పదేళ్ళపాటు ఒకే పీసుకు కట్టిపడేస్తే ఖరీదైన స్పెషల్ మెషీన్ కొన్నట్టే.

కోవిడ్‌లో రోబోలు ఉన్న కంపెనీలు నిజంగా తట్టుకున్నాయా?

మనుషుల కొరతను తట్టుకున్నాయి, విడిభాగాల కొరతను తట్టుకోలేకపోయాయి. దీనికి కార్ల కంపెనీలను చూస్తే చాలు, వాళ్ళ బాడీ షాపుల్లో ఉన్నన్ని రోబోలు ఇంకెక్కడా కనిపించవు. అయినా 2021లో సెమీకండక్టర్ చిప్స్ దొరక్కపోతే ప్రపంచమంతా లైన్లు ఆగాయి, మన దేశంలో మారుతి ఆ సెప్టెంబరులో మామూలు ఉత్పత్తిలో 40 శాతం దగ్గరే ఉంటుందని ముందే ప్రకటించాల్సి వచ్చింది. చిన్న చిప్పు లేక వేల రోబోలు ఖాళీగా ఉన్నాయన్నమాట. అందుకే రోబో కొనాలని వచ్చినవాళ్ళను నేను ముందు అడిగేది ఒకటే, గత మూడేళ్ళలో మీ డెలివరీలు ఎందుకు ఆలస్యమయ్యాయి? మనుషులు లేకనా, మెటీరియల్ లేకనా, రీవర్క్ వల్లనా? రిజిస్టర్ తీసి లెక్క కట్టండి. మెటీరియల్ వల్లే ఎక్కువసార్లు ఆగి ఉంటే ఆ డబ్బుతో రెండో సప్లయర్‌ని తయారు చేసుకోవడం, ఒక నెల స్టాక్ పెట్టుకోవడం మేలు.

మన దేశంలో ఎవరైనా వాడుతున్నారా, లేక అంతా చైనా, జపాన్ కథేనా?

వాడుతున్నారు, ఏటా పెరుగుతోంది కూడా. అంతర్జాతీయ రోబోటిక్స్ సమాఖ్య లెక్కల్లో 2024లో ప్రపంచమంతా కలిపి సుమారు 5,42,000 కొత్త రోబోలు పెట్టారు, అందులో సుమారు 2,95,000 ఒక్క చైనాలోనే. మన దేశంలో దాదాపు 9,100, అంటే ఆ ఏడాది కొత్తగా పెట్టిన వాటిలో ప్రపంచంలో ఆరో స్థానం. మన దగ్గర పెద్ద వాటా కార్ల రంగానిదే కాబట్టి పుణె, చెన్నై, గురుగ్రామ్ చుట్టుపక్కల సర్వీసు మనుషులు, స్పేర్లు తొందరగా దొరుకుతాయి. విశాఖలో ఉన్నవాళ్ళకు సర్వీసు ఇంజినీరు చాలాసార్లు చెన్నై నుంచో, బెంగళూరు నుంచో, హైదరాబాద్ నుంచో రావాలి. ఈ దూరాన్ని ముందే లెక్కలో వేసుకోండి.

రోబోలు చౌకైతే విదేశాల నుంచి ఫ్యాక్టరీలు ఎవరి దేశానికి వాళ్ళు తీసుకుపోతారంట కదా? మన ఎగుమతి ఆర్డర్లకు దెబ్బేనా?

ఆ భయానికి కారణం ఉంది గానీ అది అంత సులువుగా జరగలేదు. అడిడాస్ జర్మనీలోని అన్స్‌బాఖ్‌లో, అమెరికాలోని అట్లాంటాలో రోబోలతో బూట్లు కుట్టే స్పీడ్‌ఫ్యాక్టరీలు పెట్టింది, కొనేవాడి పక్కనే తయారీ అని పెద్ద పేరు వచ్చింది. 2019 నవంబరులో రెండింటినీ మూసేస్తున్నట్టు చెప్పి, ఆ పద్ధతుల్లో కొన్నింటిని ఆసియాలోని సప్లయర్లకు ఇస్తామంది. కారణం ఆలోచిస్తే తెలుస్తుంది, బూటు ఒక్కటే దగ్గరికి వస్తే సరిపోదు, సోలు, గుడ్డ, లేసు, జిగురు, అచ్చులు చేసేవాళ్ళందరూ ఆసియాలోనే ఉన్నారు. గుడ్డలాంటి మెత్తటి సరుకు రోబో చేతికి ఇప్పటికీ కష్టం, కాబట్టి అచ్యుతాపురంలో కుట్టుపని చేసే అమ్మాయిల చేతిపనిని అది అంత తొందరగా అందుకోలేదు. ఇనుము, కాస్టింగ్, ప్యాకింగ్ పనుల సంగతి వేరు. అక్కడ నాణ్యత, తేదీ ఒకేలా ఇవ్వలేనివాడి ఆర్డర్ ఇవాళ కాకపోతే రేపు పోతుంది.

మాది పాతికమంది పనిచేసే షాపు. మాకు అవసరమా కాదా ఎలా తెలుస్తుంది?

ఒకే రకం పీసు నెలనెలా తిరిగి వస్తోందా చూడండి. అచ్చంగా అదే పీసు కాకపోయినా ఒకే కుటుంబం, అంటే బ్రాకెట్లు, ఫ్లాంజులు, సపోర్టులు అయినా చాలు. రెండోది, మీ కటింగ్ ఎంత కచ్చితంగా ఉంది? చేత్తో గ్యాస్ కటింగ్ చేసిన ప్లేటులో మూడు మిల్లీమీటర్ల గ్యాప్ వస్తే మంచి వెల్డరు కన్నుతో చూసి నింపేస్తాడు, రోబో మాత్రం తనకు నేర్పిన దారిలోనే పోతుంది, గాల్లో వెల్డ్ చేస్తుంది. ఇలాంటి షెడ్లలో ముందు కటింగ్, ఫిక్చర్లు (పీసును కదలకుండా పట్టి ఉంచే అమరికలు) బాగుచేయమని చెప్పి వచ్చేసిన రోజులు ఉన్నాయి. ఆర్నెల్ల తర్వాత వాళ్ళలో కొందరు రోబో లేకుండానే డెలివరీలు సకాలంలో ఇస్తున్నామని ఫోన్ చేశారు, నాకు నిజంగా సంతోషం వేసింది.

## కొనేటప్పుడు

రోబో కూడా దిగుమతి సరుకే కదా అన్నా? అదే ఆగిపోతే మా గతేంటి?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళు తక్కువ, అందరూ అడగాల్సినది ఇదే. పెద్ద పేర్లు నాలుగు. ఫానుక్, యస్కావా జపాన్‌వి. ఏబీబీ మూలాలు స్వీడన్, స్విట్జర్లాండ్‌లో ఉన్నాయి. కుకా జర్మనీది అయినా 2016లో చైనాకి చెందిన మిడియా (Midea) అనే కంపెనీ దాన్ని కొనేసింది. చేతి లోపల కీళ్ళ దగ్గర ఉండే రిడ్యూసర్ గేర్లు చేసేవాళ్ళు ప్రపంచంలోనే కొద్దిమంది, మధ్యస్థ, పెద్ద రోబోల కీళ్ళ గేర్లలో సగానికి పైగా జపాన్‌కి చెందిన నాబ్టెస్కో ఒక్కటే ఇస్తూ వచ్చింది. కీళ్ళను కదిలించే సర్వో మోటార్లలో ఉండేవి రేర్ ఎర్త్ అయస్కాంతాలు, ఆ రంగంలో చైనాదే పైచేయి. 2025 ఏప్రిల్‌లో చైనా కొన్ని రేర్ ఎర్త్‌ల మీద, వాటితో చేసిన అయస్కాంతాల మీద ఎగుమతి ఆంక్షలు పెట్టినప్పుడు మన వాహన కంపెనీలు ఎంత టెన్షన్ పడ్డాయో చూశాం. మన విశాఖలోనే కేంద్ర ప్రభుత్వ సంస్థ ఐఆర్ఈఎల్ అయస్కాంతాల ప్లాంటు పెట్టింది, 2023లో జాతికి అంకితం చేశారు. అయితే అది ఏడాదికి 3,000 కిలోల సమేరియం కోబాల్ట్ అయస్కాంతాల కోసం, సర్వో మోటార్లలో ఎక్కువగా వాడే నియోడైమియం రకం వేరు.

దీన్నిబట్టి తేలేది, మనుషుల మీద ఆధారపడటం తగ్గించుకుని నాలుగైదు విదేశీ కంపెనీల మీద ఆధారపడటం పెంచుకుంటున్నాం. అది తప్పు కాదు, చేయి గట్టిదే, బాగా చూసుకుంటే పదేళ్ళకు పైగా పనిచేస్తుంది. కానీ ఆధారం మారింది అన్న సంగతి తెలిసి కొనాలి, స్పేర్లకు డబ్బు మొదటి రోజే పక్కన పెట్టాలి.

ఏ బ్రాండ్ మంచిది?

మీకు ఐదు కిలోమీటర్ల లోపల ఇంకో ఇద్దరి దగ్గర ఏది ఉందో అది. పెద్ద కంపెనీల చేతుల్లో నాణ్యత తేడా మన పనికి అంతగా తెలియదు. పక్క షెడ్డులో అదే కంట్రోలర్ (రోబోను నడిపించే కంప్యూటర్ పెట్టె) ఉంటే, ఆదివారం సాయంత్రం అందులో మోటారుకు కరెంటు ఇచ్చే డ్రైవ్ కాలిపోయినప్పుడు సోమవారం పొద్దున్న వాళ్ళ స్పేర్ అప్పుగా తెచ్చుకోవచ్చు, వాళ్ళ కుర్రాడు వచ్చి చూసి పెడతాడు. ఆటోనగర్‌లో బేరింగులు, బెల్టులు ఇలాగే ఒకరికొకరు సర్దుకుంటున్నారు కదా, రోబోలకూ ఆ అలవాటు రావాలి.

సెకండ్ హ్యాండ్ రోబో తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు, కంట్రోలర్ తరం చూసి. చేయి పాతదైనా పర్వాలేదు, గ్రీజు, కీళ్ళలో ఆట (లూజు) చూసుకుంటే చాలు. కంట్రోలర్ బోర్డులు తయారీ ఆపేసిన మోడల్ అయితే మాత్రం ఒక్క బోర్డు పోతే మొత్తం తుక్కు కింద లెక్క. ఒకే రకం రెండు తీసుకుని ఒకదాన్ని స్పేర్ల కోసం ఉంచుకునేవాళ్ళు కూడా ఉన్నారు, ఆ పద్ధతి నాకు నచ్చుతుంది.

ఇంటిగ్రేటర్‌తో, అంటే రోబో సెల్ కట్టి ఇచ్చేవాడితో, కాగితం మీద ఏం రాయించుకోవాలి?

ప్రోగ్రాం మీది అని, పాస్‌వర్డులన్నీ మీకు ఇవ్వాలి అని. రెండేళ్ళ కిందట ఒక యూనిట్ వాళ్ళు రాత్రి పదకొండింటికి పిలిచారు. సెల్ బాగానే ఉంది, కొత్త పీసుకు ప్రోగ్రాం మార్చాలి, లోపలికి వెళ్ళడానికి పాస్‌వర్డు లేదు. పెట్టిన ఇంటిగ్రేటర్ వ్యాపారం మూసేశాడు, పీఎల్‌సీ (సెల్‌లోని మెషీన్లన్నిటినీ వరసగా నడిపించే చిన్న కంప్యూటర్) ప్రోగ్రాం కూడా లాక్ చేసి ఉంది, కామెంట్లు లేవు. రోబో వెనక ఉన్న పీఎల్‌సీ లాజిక్ మొత్తం కొత్తగా రాయడానికి నాకు పదహారు రోజులు పట్టింది. ఈలోగా వాళ్ళ ఆర్డర్ వేరే ఊరు వెళ్ళిపోయింది. ఆ ఓనరు గారి ముఖం ఇప్పటికీ గుర్తొస్తుంది.

అందుకని రోబో ప్రోగ్రాం, పీఎల్‌సీ సోర్సు ప్రోగ్రాం, వైరింగ్ డ్రాయింగులు, ఫిక్చర్ డ్రాయింగులు, సేఫ్టీ సెట్టింగులు, అన్ని పాస్‌వర్డులు చివరి బిల్లు కట్టేముందు మీ చేతికి రావాలని రాయించుకోండి. దాంతోపాటు ఇంకో మాట కూడా: మీ మనుషులు ఇద్దరు, ఇంటిగ్రేటర్ చూస్తూ ఉండగా, తమంతట తాముగా ఒక కొత్త పీసుకు ప్రోగ్రాం నేర్పి చూపించిన తర్వాతే సెల్ అప్పగించినట్టు.

కోబాట్ అయితే కంచె అక్కర్లేదంటున్నారు, నిజమేనా?

కొన్ని పనులకే. కోబాట్ అంటే మనిషి పక్కన నెమ్మదిగా, తక్కువ బలంతో కదిలి, తగిలితే ఆగిపోయే చేయి. డెన్మార్క్‌కి చెందిన యూనివర్సల్ రోబోట్స్ 2008లో మొదటిది అమ్మింది. చేత్తో పట్టుకుని దారి చూపిస్తే నేర్చుకుంటుంది కాబట్టి పని మార్చడం తేలిక, చిన్న షెడ్లకు అది పెద్ద మేలు. కానీ దాని చేతికి వెల్డింగ్ టార్చో పదునైన ప్లేటో ఇచ్చాక, చేయి మెత్తగా తగిలినా టార్చ్ కాలుస్తుంది, ప్లేటు కోస్తుంది. ఆర్క్ వెలుతురు, పొగ ఎలాగూ ఉంటాయి. ప్రమాదం అంచనా వేయకుండా కంచె తీసేయకండి. మనిషికి దెబ్బ తగిలితే ఆగేది ఒక్క సెల్ కాదు, షెడ్డే.

ఒకేసారి ఫుల్ ఆటోమేటిక్ లైన్ వేద్దామా, ఒక్కో సెల్ పెట్టుకుంటూ పోదామా?

ఒక్కో సెల్. ఒకదానికొకటి కట్టేసిన లైనులో పది స్టేషన్లు ఉండి, ఒక్కోటి నూటికి 98 శాతం సమయం నడుస్తుందనుకోండి, మధ్యలో బఫర్ (ముందుగా చేసి ఉంచిన కొన్ని పీసులు) లేకపోతే లైను మొత్తం 82 శాతం దగ్గర ఆగుతుంది. ఒకదాని బ్రేక్‌డౌన్ పదింటికీ అంటుకుంటుంది. టెస్లా 2018లో మోడల్ 3 కారు ఉత్పత్తి పెంచలేక అవస్థ పడినప్పుడు ఎలాన్ మస్క్ స్వయంగా అతిగా ఆటోమేషన్ చేయడం తప్పయిందని, అది తన తప్పేనని ఒప్పుకున్నాడు.

దీనికి ఎదురు ఉదాహరణ నాకు చాలా ఇష్టమైనది. 1997 ఫిబ్రవరి 1న జపాన్‌లోని కరియాలో ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. టయోటా కార్ల బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వు దాదాపు మొత్తం అక్కడే తయారయ్యేది, ప్రత్యేక మెషీన్లన్నీ బూడిదయ్యాయి. కొన్ని రోజుల్లోనే జపాన్‌లో టయోటా లైన్లు దాదాపు అన్నీ ఆగాయి. అప్పుడు డ్రాయింగులు తీసుకుని రెండు వందల దాకా కంపెనీలు, కుట్టుమిషన్లు చేసే బ్రదర్‌తో సహా, తమ దగ్గరున్న మామూలు మిల్లింగ్ మెషీన్లలో ఆ వాల్వులు చేయడం మొదలుపెట్టాయి. వారం పది రోజుల్లో కార్లు మళ్ళీ మామూలుగా బయటికి వచ్చాయి. ఆ రోజు కాపాడింది ఏ పనికైనా వంగే మెషీన్లు, డ్రాయింగు చూసి చేయగలిగే మనుషులు. విడి రోబో సెల్ ఆ మిల్లింగ్ మెషీన్ లాంటిది, కట్టేసిన లైను కాలిపోయిన ఆ ప్రత్యేక మెషీన్ లాంటిది.

లోన్ దొరుకుతుందా?

దొరుకుతుంది. ఆస్తి తనఖా లేకుండా చిన్న పరిశ్రమల లోన్లకు ఇచ్చే సీజీటీఎంఎస్ఈ అనే ట్రస్టు గ్యారంటీ పరిమితి 2025 ఏప్రిల్ నుంచి 10 కోట్ల రూపాయలకు పెంచారు. సబ్సిడీలు పాలసీతో పాటు మారుతూ ఉంటాయి, జిల్లా పరిశ్రమల కేంద్రానికి వెళ్ళి ఆ రోజుకు ఏముందో కనుక్కోండి. కొటేషన్‌లో చేయి ధర చూసి లోన్ అడగకండి, ఫిక్చర్లు, కంచె, పవర్ సోర్సు, ట్రైనింగ్, స్పేర్లు కలిపితే చేయి ధరను మించిపోవడం మామూలే.

## నడుస్తున్నప్పుడు

బ్యాటరీ అలారం వస్తోంది, రోబో నడుస్తోంది కదా, తర్వాత చూద్దామా?

వద్దు, ఈ రోజే మార్చండి. ప్రతి కీలు ఏ కోణంలో ఉందో గుర్తుంచుకోవడానికి ఎన్‌కోడర్లకు చిన్న బ్యాటరీలు ఉంటాయి. చాలా ఫానుక్ మోడళ్ళలో అవి బేస్ దగ్గర ఉండే నాలుగు డి సైజు బ్యాటరీ సెల్సే, టార్చ్‌లైటుకు వేసేలాంటివి, ఏడాదికోసారి మార్చమని మాన్యువల్‌లో ఉంటుంది. కంట్రోలర్ ఆన్‌లో ఉండగానే మార్చాలి. పవర్ తీసి మార్చినా, బ్యాటరీలు అయిపోయాక కరెంటు పోయినా చేతికి తానెక్కడ ఉందో తెలియదు, మళ్ళీ మాస్టరింగ్ చేయాలి, అంటే ప్రతి కీలుకూ సున్నా స్థానం కొత్తగా నేర్పాలి, నేర్పిన పాయింట్లన్నీ సరిచూడాలి. నాకు వచ్చే పిలుపుల్లో దీనివల్ల వచ్చేవే ఎక్కువ. కొన్ని వందల రూపాయల సెల్స్ వేయకపోవడం వల్ల మూడు రోజుల పని పోతుంది.

ఏ స్పేర్లు దగ్గర పెట్టుకోవాలి?

తరచుగా అరిగేవి ఎలాగూ ఉంటాయి, కాంటాక్ట్ టిప్పులు, లైనర్లు, గ్రిప్పర్ వేళ్ళు, సెన్సర్లు. వాటితోపాటు తెప్పించడానికి వారాలు పట్టేవి మీ బీరువాలో ఉండాలి. ఒక సర్వో డ్రైవ్, టీచ్ పెండెంట్ (చేతిలో పట్టుకుని రోబోకు పని నేర్పే రిమోట్) కేబుల్, కీళ్ళ గుండా వెళ్ళే కేబుల్ సెట్టు, కంట్రోలర్ ఫ్యాన్లు, ఫ్యూజులు. పెండెంట్ కింద పడి పగిలితే సెల్ మొత్తం ఆగుతుంది, అందుకని దాన్ని తగిలించడానికి కొక్కెం పెట్టండి. విదేశం నుంచి రావాల్సిన పార్టుకు ఓడ దారి కూడా మారిపోవచ్చు. 2023 చివర నుంచి ఎర్ర సముద్రంలో దాడుల వల్ల యూరప్ ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగి వస్తూ అదనంగా పది రోజులకు పైనే తీసుకున్నాయి.

మన సముద్రపు గాలికి రోబో తుప్పు పట్టదా?

చేయికి పెయింటు, సీలు ఉంటాయి, దానికన్నా ముందు పాడయ్యేది కంట్రోలర్ పెట్టె లోపలి బోర్డులు, కనెక్టర్లు. వేడెక్కుతోందని పెట్టె తలుపు తీసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం మన షెడ్లలో మామూలుగా కనిపిస్తుంది. దయచేసి అలా చేయకండి. ఉప్పు తేమ, గ్రైండింగ్ దుమ్ము నేరుగా బోర్డు మీద కూర్చుంటాయి. ఫ్యాన్ ఫిల్టర్లు పదిహేను రోజులకోసారి శుభ్రం చేయండి, అవసరమైతే ప్యానెల్ ఏసీ పెట్టించండి. ఎర్తింగ్ గుంతలో నీళ్ళు వేసవిలో మరచిపోకండి.

రోబో వేగంగా చేస్తుంది కాబట్టి తయారైన సరుకు స్టాక్ తగ్గించేయొచ్చా?

కొంచెం తగ్గించొచ్చు, పూర్తిగా తీసేయకండి. వేగం వచ్చిందని బఫర్ మొత్తం తీసేస్తే, ఆ రోబో ఆగిన రోజే కస్టమర్ లైను కూడా ఆగుతుంది. మొదటి ఏడాది మీ సెల్ ఆగిన సందర్భాల్లో అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగింది ఎన్ని రోజులో రాసుకోండి, కనీసం అన్ని రోజుల సరుకు ఉంచండి.

రోబోను నెట్‌కి కలపమని, ఫోన్లోనే చూసుకోవచ్చని చెబుతున్నారు. కలపమంటారా?

కలిపితే ఉపయోగం ఉంది, చెన్నైలో కూర్చున్న ఇంజినీరు అలారం చూసి చెప్పగలడు. కానీ ఆఫీసు కంప్యూటర్లు, వైఫై ఉన్న నెట్‌వర్కులోనే రోబోను పెట్టకండి. 2022 మార్చి 1న టయోటా జపాన్‌లోని తన 14 ప్లాంట్లలో 28 లైన్లు ఒక రోజు ఆపేసింది. దాడి జరిగింది టయోటా మీద కాదు, ప్లాస్టిక్ భాగాలు ఇచ్చే కోజిమా అనే సప్లయర్ కంప్యూటర్ల మీద. పెద్ద కంపెనీకి సప్లయర్ అయిన చిన్న షెడ్డు కూడా ఇలా గొలుసును తెంపగలదు. వేరే నెట్‌వర్కు, సర్వీసు వాళ్ళు అడిగినప్పుడే తీసే కనెక్షన్, నెట్‌కి తగలకుండా పెండ్రైవ్‌లో బ్యాకప్, ఇవి చేశాకే కలపండి.

## దెబ్బ తగిలినప్పుడు

తుఫాను హెచ్చరిక వచ్చింది. రోబో దగ్గర ఏం చేయాలి?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీదుగా దాటినప్పుడు గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి వీచింది, షెడ్ల పైకప్పు రేకులు ఎగిరిపోయాయి, చాలాచోట్ల కరెంటు రావడానికి రోజులు పట్టింది. అప్పటి నుంచి అక్టోబరు, నవంబరు వచ్చిందంటే నేను నా కస్టమర్లందరికీ ఒకటే జాబితా పంపిస్తాను.

బ్యాటరీలు కొత్తవేనా చూడండి, ఎక్కువ రోజులు కరెంటు లేకపోతే కీళ్ళ లెక్కను కాపాడేది అవే. ఫుల్ బ్యాకప్ రెండు పెండ్రైవ్‌లలో తీసుకుని ఒకటి ఇంటికి తీసుకెళ్ళండి. చేతిని మడిచి కిందికి, బరువు మధ్యలో ఉండేలా పెట్టండి. మెయిన్ బ్రేకర్ దించేయండి. కంట్రోలర్ నేల మీద ఉంటే దిమ్మె మీదికి ఎక్కించండి, ఈ పని హెచ్చరిక రాకముందే చేసుకోవాల్సింది. టార్పాలిన్ కప్పి గట్టిగా కట్టండి.

తుఫాను పోయాక కంగారుగా స్విచ్ వేయకండి. తడిసిందనుకుంటే తలుపు తీసి పూర్తిగా ఆరనివ్వండి. మోటార్లకు మెగ్గర్ (ఎక్కువ వోల్టేజీతో ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టేముందు డ్రైవ్ నుంచి కేబుళ్ళు విప్పండి, లేదంటే తుఫాను వదిలేసిన డ్రైవ్‌ను మెగ్గర్ కాల్చేస్తుంది. జనరేటర్ మీద నడపాలంటే వోల్టేజీ నిలకడగా ఉందా చూసుకుని, వెల్డింగ్ మెషీన్లన్నీ ఒకేసారి కాకుండా ఒక్కోటి మొదలుపెట్టండి.

రోబో ఆగిపోయింది, లారీ రేపు పొద్దున్నే. ఇప్పుడేం చేయాలి?

ఫిక్చర్ విప్పి మామూలు బల్ల మీద పెట్టి చేత్తో వెల్డ్ చేయండి. ఇది కుదరాలంటే ఫిక్చర్ తయారు చేయించేటప్పుడే మనిషి టార్చ్ కూడా లోపలికి పోయేలా చేయించి ఉండాలి, ఆ పీసుకు వెల్డింగ్ కరెంటు, వోల్టేజీ, గ్యాస్ సెట్టింగులు కాగితం మీద రాసి అక్కడే తగిలించి ఉండాలి. కస్టమర్‌కి కూడా అప్పుడే ఫోన్ చేసి, సగం రేపు, సగం ఎల్లుండి ఇస్తామని చెప్పండి. ముందే చెప్పినవాడిని కస్టమర్ నమ్ముతాడు.

ఒక కస్టమర్ ఆర్డర్లు ఆపేశాడు. అదే రోబోను వేరే పనికి తిప్పొచ్చా?

తిప్పొచ్చు, దీనికోసమే అది ఉంది. చేయికి పని కొత్తగా నేర్పడానికి ఒకటి రెండు రోజులు చాలు, ఫిక్చర్ తయారీకే వారాలు పడుతుంది. అందుకని రంధ్రాల గ్రిడ్ ఉన్న మాడ్యులర్ వెల్డింగ్ టేబుల్ ఒకటి పెట్టుకోండి, పిన్నులు, క్లాంపులు మార్చి ఏ బ్రాకెట్‌కైనా సరిపెట్టొచ్చు. స్టీల్ ప్లాంటు పని ఆగిన నెలలో వ్యవసాయ పనిముట్ల ఫ్రేములు చేసి అదే సెల్‌ను నడిపిన కుర్రాళ్ళు నాకు తెలుసు. వాళ్ళ ఓనరు ఆ నెల ఎవరినీ పనిలోంచి తీయలేదు.

## మనుషుల సంగతి

నిజం చెప్పండి, ఉద్యోగాలు పోతాయా?

కొన్ని పోతాయి. అమెరికా లెక్కలతో అసెమొగ్లు, రెస్ట్రెపో అనే ఆర్థికవేత్తలు 2020లో ప్రచురించిన పరిశోధనలో, వెయ్యిమంది కార్మికులకు ఒక రోబో పెరిగితే జనాభాలో ఉద్యోగం ఉన్నవాళ్ళ నిష్పత్తి 0.2 శాతం పాయింట్లు, వేతనాలు 0.42 శాతం తగ్గాయని తేలింది. మన దగ్గర మనుషులకు రోబోల నిష్పత్తి చాలా తక్కువ, పరిస్థితి వేరు. అయినా ఏమీ కాదని చెప్పడం నాకు ఇష్టం లేదు. నేను చూసిన షెడ్లలో కొత్త హెల్పర్లను తీసుకోవడం తగ్గింది, ఉన్న వెల్డర్లు సెల్ నడపడానికి మారారు. అలా మారనిచ్చిన చోట్లే రోబోలు బాగా నడుస్తున్నాయి, ఎందుకంటే వెల్డ్ తెలిసినవాడికే రోబో తప్పు చేస్తోందని చప్పుడు విని తెలుస్తుంది.

మా అబ్బాయి ఐటీఐ చదువుతున్నాడు. ఏం నేర్చుకోమంటారు సార్?

ఐటీఐల్లో ఇండస్ట్రియల్ రోబోటిక్స్ అండ్ డిజిటల్ మాన్యుఫ్యాక్చరింగ్ టెక్నీషియన్ అనే ట్రేడ్ ఉంది, సీటు దొరికితే మంచిదే. దొరక్కపోతే వెల్డరో, ఫిట్టరో, ఎలక్ట్రీషియనో చేసి, దానిమీద పీఎల్‌సీ నేర్చుకోమనండి. పెండెంట్ నొక్కడం నెల రోజుల్లో వస్తుంది. డ్రాయింగు చదవడం, మల్టీమీటరుతో తప్పు పట్టుకోవడం, వెల్డ్ చూసి మంచీచెడూ చెప్పడం ఏళ్ళ పని, జీతం పెరిగేది వాటివల్లే.

రోబో నేర్చుకున్న కుర్రాడు వేరే కంపెనీకి వెళ్ళిపోతే?

వెళ్తాడు, ఎక్కువ జీతం ఇస్తే ఎందుకు ఆగుతాడు? అందుకే ఇద్దరికి నేర్పమంటాను, ముగ్గురికైతే ఇంకా మంచిది. ఆ పనికి తగ్గట్టు జీతం పెంచండి, కోట్లు పెట్టి సెల్ కొని దాన్ని నడిపేవాడి దగ్గర రెండు వేలకు బేరమాడటం నాకు బాధ కలిగిస్తుంది. సెల్ పక్కనే ఒక నోటుబుక్కు పెట్టి, ఏ అలారం ఎప్పుడు వచ్చింది, ఏం చేస్తే పోయింది అన్నది తెలుగులోనే రాయించండి. ఒక షెడ్డులో నాలుగేళ్ళ నోటుబుక్కు ఉంది, అట్ట చిరిగిపోతే టేపు అంటించారు. అందులో రాసిన ఇద్దరు ఇప్పుడు అక్కడ లేరు, ఆ సెల్ మాత్రం నిన్నటికీ నడుస్తోంది, కొత్త కుర్రాడు అదే పుస్తకం చూసి మొన్న బ్యాటరీలు మార్చాడు.